జెవాన్ ఎవాన్స్ పెద్ద స్థాయికి చేరతాడా, లేక ఎగిరే కుర్రాడిగానే మిగిలిపోతాడా?

వేళచ్చేరి_ప్రేక్షకుడు (ప్రశ్న):

అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈని ఏళ్ల తరబడి శ్రద్ధగా చూస్తున్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నా సందేహాన్ని కాస్త వివరంగానే రాస్తున్నాను. కొత్త రెజ్లర్లను తీర్చిదిద్దే దాని విభాగం ఎన్‌ఎక్స్‌టీలో 2024 నుంచి అందరి దృష్టినీ ఆకట్టుకున్న జెవాన్ ఎవాన్స్ భవిష్యత్తు ఎలా ఉంటుందని మీరు అనుకుంటున్నారు?

అతన్ని చూడనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. 2004లో పుట్టాడు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో అతని ఊరు. సన్నగా ఉంటాడు, తాడు మీద కాలు మోపీ మోపగానే పైకి లేస్తాడు, గాలిలోనే ఒళ్లు తిప్పి ఎదుటివాడి మెడను పట్టి కిందికి లాగేస్తాడు. ఆ దెబ్బకు ఓజీ కట్టర్ అని పేరు, అదే అతని ఫినిషర్, అంటే మ్యాచ్‌ను ముగించే దెబ్బ. 2024 జులైలో టొరంటోలో జరిగిన హీట్‌వేవ్ షోలో ట్రిక్ విలియమ్స్, ఈథన్ పేజ్, షాన్ స్పియర్స్‌లతో కలిసి ఎన్‌ఎక్స్‌టీ టైటిల్ కోసం నలుగురి పోటీలో దిగాడు. ఆ రాత్రి బెల్ట్ ఈథన్ పేజ్‌కు దక్కింది. 2025 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో జరిగిన స్టాండ్ అండ్ డెలివర్ షోలో ఓబా ఫెమి, ట్రిక్ విలియమ్స్‌లతో మళ్లీ అదే బెల్ట్ కోసం తలపడ్డాడు. అప్పుడు కూడా బెల్ట్ ఫెమి దగ్గరే ఉండిపోయింది. ఓడినా రెండుసార్లూ జనం చివరి వరకూ అతని వైపే ఉన్నారన్నది నా అభిప్రాయం.

ఇక్కడ చెన్నైలో మేము కొందరం తెలుగువాళ్లం ఒకే ఇంట్లో అద్దెకు ఉంటూ ఈ ఆటను కలిసి చూస్తాం. ఈ విషయంలో మాకు ఏకాభిప్రాయం కుదరడం లేదు. గాలిలో ఎగిరే ఆటతోనే వరల్డ్ చాంపియన్ అయిన రే మిస్టీరియో స్థాయికి ఇతను వెళ్తాడని ఒకరి వాదన. రికొషే మాదిరిగా ఎంత గొప్పగా ఎగిరినా మిడ్‌కార్డ్, అంటే మధ్య స్థాయి మ్యాచ్‌లు, దాటలేడని ఇంకొకరి వాదన. నా వరకు నాకు తెలుసుకోవాలని ఉన్నది వేరే ఉంది. గాలిలో విన్యాసాలు చేసే రెజ్లర్ జీవితంలో పైకి వెళ్లడాన్ని, ఆగిపోవడాన్ని నిజంగా నిర్ణయించేది ఏమిటి? అతని శరీరమా, ఎవరు గెలవాలో కంపెనీ ముందే నిర్ణయించే బుకింగా, లేక అతను తనంతట తాను నేర్చుకోవలసినది మరేదైనా ఉందా?

అడయారు_పాతకాపు:

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఈ కుర్రాడు పైకి వస్తాడనే నా నమ్మకం. అయితే అతన్ని పైకి తెచ్చేది మనం ఇప్పుడు చూసి చప్పట్లు కొడుతున్న విన్యాసాలు కావు, వాటికీ వాటికీ మధ్య అతను చేసే పని.

ముందుగా వయసు సంగతి చూడండి. రే మిస్టీరియో 2006 ఏప్రిల్‌లో కంపెనీ ఏటా జరిపే అతి పెద్ద షో రెజిల్‌మేనియా 22లో వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచినప్పుడు అతనికి 31 ఏళ్లు. షాన్ మైకేల్స్‌కు మొదటిసారి పెద్ద బెల్ట్ దక్కింది 1996లో, 30 ఏళ్లకు. సెత్ రాలిన్స్‌కు 2015లో, 28 ఏళ్లకు. కోఫీ కింగ్‌స్టన్ 2008లో తెర మీదికి వచ్చి, 2019లో రెజిల్‌మేనియా 35 దాకా ఎదురుచూశాడు, అప్పటికి అతనికి 37 ఏళ్లు. ఏజే స్టైల్స్ 2016లో డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయ్యేనాటికి 39కి చేరుకున్నాడు. గాలిలో ఎగిరి పేరు తెచ్చుకున్నవారిని ఆ కంపెనీ అంత తొందరగా శిఖరం మీద కూర్చోబెట్టదని దీన్నిబట్టి తెలుస్తోంది. రాండీ ఆర్టన్ 24 ఏళ్లకే వరల్డ్ చాంపియన్ అయ్యాడు, కానీ అతను ఎగిరే రెజ్లర్ కాడు. ఎవాన్స్ ఆర్టన్‌తో పోటీ పడాలన్నా 2028 వరకు వ్యవధి ఉంది. కాబట్టి 2024లోనో 2025లోనో బెల్ట్ రాలేదని బెంగపెట్టుకోవలసిన పని లేదు.

ఇక మిస్టీరియో, రికొషేల పోలిక. మీ మిత్రులిద్దరూ సరైన పేర్లే ఎంచుకున్నారు గానీ, వారిద్దరి మధ్య తేడా ఎక్కడుందో చూడాలి. మిస్టీరియో ఐదడుగుల ఆరు అంగుళాల మనిషి. 1997 అక్టోబరులో హాలోవీన్ హావోక్ షోలో ఎడీ గెరెరోతో అతను ఆడిన మ్యాచ్‌ను తప్పకుండా ఒకసారి చూడండి. ఒకవైపు గెరెరో బెల్ట్, మరోవైపు మిస్టీరియో ముసుగు పందెం. గెరెరో అతన్ని పట్టి కింద పడేస్తాడు, ఒళ్లు విరిచేస్తాడు, మధ్యలో ముసుగును చింపే ప్రయత్నం చేస్తాడు. అంతసేపు కిందపడి నలిగిన మనిషి ఒక్కసారి తాడు మీదికి లేచేసరికి, ఆ ఎగరడానికి ఒక కారణం ఏర్పడుతుంది. అతను తప్పించుకోవడానికి ఎగురుతున్నాడు, ముసుగు కాపాడుకోవడానికి ఎగురుతున్నాడు. చూసేవాడు ఊపిరి బిగపట్టేది అందుకే. అదే విన్యాసాన్ని మ్యాచ్ మొదటి నిమిషంలో, ఎదుటివాడు తీరిగ్గా నిలబడి ఉండగా చేస్తే జనం అబ్బా అంటారు, ఆ తర్వాత మరిచిపోతారు.

ఇంకొకటి కూడా గమనించండి. మిస్టీరియో చేసే వాటన్నిటిలో జనం ఎక్కువగా ఇష్టపడేది 619. తాళ్ల మధ్యలోంచి ఒళ్లు తిప్పి ముఖం మీద కాళ్లతో కొట్టడమే కదా అది! అతను యవ్వనంలో చేసిన వాటితో పోలిస్తే చాలా తేలికైన విన్యాసం. ఎదుటివాడు రెండో తాడు మీద వాలిన క్షణంలోనే పిల్లలతో సహా అందరికీ తర్వాత ఏం రాబోతోందో తెలిసిపోతుంది, లేచి నిలబడతారు. ఆ ఎదురుచూపును తయారు చేసుకున్నాడు కాబట్టే, మోకాళ్లకు పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినా, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాక కూడా బరిలోకి దిగగలిగాడు.

రికొషే విషయంలో జరిగింది దీనికి విరుద్ధం. ఒట్టి విన్యాసం వరకే తీసుకుంటే అతనికి సాటి వచ్చేవారు బహుకొద్దిమంది. 2018లో ఎన్‌ఎక్స్‌టీలో నార్త్ అమెరికన్ టైటిల్, 2019లో యూఎస్ టైటిల్, 2022లో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచాడు. అయినా 2020 ఫిబ్రవరిలో రియాద్‌లో బ్రాక్ లెస్నర్ ముందు రెండు నిమిషాలైనా నిలవనివ్వలేదు. ఇందులో కంపెనీ తప్పు చాలా ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ఆ ఏళ్లలో అతను ఎవరు, అతనికి ఏం కావాలి, దేనికి కోపం వస్తుంది అని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండేది కాదు. 2024లో పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూకు వెళ్లి, ప్రతినాయకుడిగా మారి, ప్రేక్షకులను మాటలతో రెచ్చగొట్టడం మొదలుపెట్టాక ఆ లోటు తీరింది. ఆ వయసులో నేర్చుకున్నదాన్ని ఎవాన్స్ ఇరవైల్లోనే నేర్చుకోగలిగితే, అతని దారి వేరుగా ఉంటుంది.

ఎన్‌ఎక్స్‌టీ కథల బాధ్యత షాన్ మైకేల్స్‌ది కావడం ఈ కుర్రాడి అదృష్టమని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1998 జనవరిలో అండర్‌టేకర్‌తో శవపేటిక మ్యాచ్‌లో వీపు దెబ్బతిని, ఆ మార్చిలో రెజిల్‌మేనియా 14 తర్వాత నాలుగేళ్లకు పైగా రింగ్‌కు దూరమైన మనిషి ఆయన. 2002 సమ్మర్‌స్లామ్‌తో తిరిగి వచ్చాక మునుపటికన్నా గొప్ప మ్యాచ్‌లు ఆడాడు. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు ఎగరకూడదో ఆయనకన్నా బాగా చెప్పగలవారు ఎవరుంటారు?

వడపళని_ఫైటర్:

నేను నెల్లూరు నుంచి వచ్చి, వడపళనిలో ఉంటూ సినిమాల్లో ఫైటర్‌గా పనిచేస్తున్నాను. హీరోలకు డూప్‌గా కూడా చేస్తాను. కథలు, బుకింగ్ గురించి అడయారు గారు రాసినదానికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు. కింద పడటం గురించి మాత్రం రాయగలను, ఎందుకంటే అదే నా వృత్తి.

మాకు ఎత్తు నుంచి దూకే షాట్ ఉంటే కింద అట్టపెట్టెలు పేరుస్తారు, వాటి మీద బెడ్లు వేస్తారు, అవసరమైతే రోప్ కడతారు. ఫైట్ మాస్టర్ చూసి సరే అన్నాకే దూకుతాం. సరిగ్గా రాకపోతే ఇంకో టేక్ ఉంటుంది. రెజ్లర్‌కు వీటిలో ఏదీ లేదు. రింగ్ అంటే మెత్తటి పరుపు అనుకునేవారు ఉన్నారు. కింద ఉక్కు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆపైన పలుచటి ఫోమ్, దాని మీద కాన్వాసు గుడ్డ, అంతే. 2023 సెప్టెంబరులో డబ్ల్యూడబ్ల్యూఈ హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చినప్పుడు నేను వెళ్లి చూశాను. టీవీలో వినిపించే చప్పుడు వేరు, అక్కడ మనిషి వీపు పలకకు తగిలినప్పుడు వినిపించే చప్పుడు వేరు. ఆ రోజు గుంథర్, షాంకీ లాంటి భారీ మనుషులు పడుతుంటే కూర్చున్న కుర్చీ వరకూ ఆ అదురు తెలిసింది.

వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, నడుం మీద కాకుండా వీపు పైభాగం అంతా ఒకేసారి నేలకు తగలాలి, చేతులు పక్కలకు చాచి అదే క్షణంలో నేలను చరచాలి. దెబ్బ ఒకే చోట పడకుండా ఒళ్లంతా పంచుకోవడానికే ఇదంతా. మేం నేర్చుకునేదీ ఇదే, వాళ్లు నేర్చుకునేదీ ఇదే. ఈ లెక్కన చూస్తే ఎవాన్స్ ఫినిషర్ నాకు చాలా నచ్చింది. ఓజీ కట్టర్‌లో అతను పడేది వీపు మీద, సరిగ్గా పడటానికి వీలున్న పద్ధతిలో. నెలకు ఎన్నిసార్లు చేసినా తట్టుకోగలిగిన ఫినిషర్ అది. షూటింగ్ స్టార్ ప్రెస్ అలా కాదు. ముందుకు దూకుతూ వెనక్కి పల్టీ కొట్టాలి, సగం తిరిగేదాకా ఎక్కడ పడబోతున్నామో కనిపించదు. 2003లో రెజిల్‌మేనియా 19లో బ్రాక్ లెస్నర్ అది ప్రయత్నించినప్పుడు కర్ట్ యాంగిల్ కొంచెం ఎక్కువ దూరంలో పడి ఉన్నాడు. లెస్నర్ తిరగడం పూర్తి కాకుండానే తల నేలకు తగిలింది. అంత బలమైన మనిషి మెడ విరగకపోవడం అదృష్టమే అనాలి.

జపాన్‌లో హయబుసా అనే గొప్ప రెజ్లర్ ఉండేవాడు. ఫీనిక్స్ స్ప్లాష్ లాంటి కష్టమైన విన్యాసాలకు అతను పెట్టింది పేరు. 2001 అక్టోబరులో ఒక మ్యాచ్‌లో, తాను ఎన్నో ఏళ్లుగా చేస్తున్న వెనక్కి పల్టీ కొట్టే మూన్‌సాల్ట్ కోసం తాడు మీదికి ఎక్కి, కాలు జారి తల మీద పడ్డాడు. మెడ విరిగింది, శరీరం చచ్చుబడిపోయింది. కొత్తగా ప్రయత్నించిన విన్యాసంలో కాదు, చేసి చేసి అలవాటైపోయిన దానిలో జరిగిందది. నెవిల్ సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. రెడ్ యారో అనే అత్యంత క్లిష్టమైన పల్టీతో పేరు తెచ్చుకున్న అతనికి 2016లో జెరికోతో మ్యాచ్‌లో కాలు విరిగింది నేల మీద జారే ఒక మామూలు స్లైడ్ చేస్తుండగా. అందుకే ఎగరడం మానేస్తే ప్రమాదం తప్పిపోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒళ్లు అలిసి ఉన్నప్పుడు చేసే ప్రతి చిన్న పనిలోనూ ప్రమాదం ఉంటుంది.

జనం గమనించని సంగతి ఇంకొకటి ఉంది. రింగ్ లోపలి నుంచి బయటికి దూకినప్పుడు ఆ దూకినవాడి ప్రాణం కింద నిలబడి పట్టుకునేవాడి చేతుల్లో ఉంటుంది. ప్రత్యర్థి అని మనం అనుకునేవాడే అతనికి బెడ్డు, అట్టపెట్టె, అన్నీ. ఒక్క అడుగు వెనక్కి వేశాడా, తల నేరుగా నేలకు వస్తుంది. కాబట్టి ఒక హై ఫ్లయర్, అంటే ఎగిరే రెజ్లర్, ఎంత కాలం ఆడగలడో చెప్పాలంటే ఎవరెవరితో ఆడతాడో కూడా చూడాలి. నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఎక్కువగా ఉండే ఎన్‌ఎక్స్‌టీ కన్నా, చేయి తిరిగినవాళ్లున్న పెద్ద రోస్టర్‌లోనే, అంటే ప్రధాన బృందంలోనే, అతను భద్రంగా ఉంటాడని నాకనిపిస్తుంది.

అంబత్తూరు_అభిమాని:

అడయారు గారి నమ్మకం నాకు లేదు. మిస్టీరియో 2006లో బెల్ట్ గెలిచాడన్నది నిజం, ఆ సంవత్సరం ఒకరి తర్వాత ఒకరుగా ముప్పైమంది దిగే రాయల్ రంబుల్‌లో రెండో నంబరులో దిగి గంటకు పైగా నిలబడి గెలిచాడన్నది కూడా నిజం. కానీ ఆ తర్వాత ఏమైంది? బెల్ట్ నడుముకు ఉండగానే ఖలీ, మార్క్ హెన్రీ లాంటి పెద్ద మనుషుల చేతిలో వరసగా ఓడిస్తూ వచ్చారు. జులై కల్లా బెల్ట్ కింగ్ బుకర్‌కు ఇచ్చేశారు. కోఫీ కింగ్‌స్టన్ పదకొండేళ్లు కష్టపడి గెలుచుకున్నదాన్ని 2019 అక్టోబరులో లెస్నర్ కొన్ని క్షణాల్లో తీసుకుపోయాడు. చిన్న ఒడ్డూపొడుగు ఉన్నవారిని చాంపియన్ చేసినా, చాంపియన్‌లా చూసే అలవాటు ఆ కంపెనీకి తక్కువ. ఎవాన్స్ ఎదురుగా ఓబా ఫెమిని నిలబెట్టి చూడండి, కంపెనీ తన డబ్బు ఎవరి మీద పెడుతుందో ఎవరికైనా తెలిసిపోతుంది.

మన దేశం నుంచి తీసుకున్నవారిని చూసినా అదే. ఖలీ, వీర్, సంగా, షాంకీ, అందరూ కొండలాంటి మనుషులే. 2021 జనవరి 26న ప్రసారమైన సూపర్‌స్టార్ స్పెక్టకిల్‌లో ఫిన్ బాలర్‌తో ఆడిన గురు రాజ్ చురుగ్గా ఎగరగలిగిన మనిషి, అతనికి ఆ తర్వాత దక్కింది ఏముంది? టాలెంట్ లేక కాదు కదా.

ఒక్క ఆశ మాత్రం ఉంది. మిస్టీరియోను అన్నేళ్లు నిలబెట్టింది బెల్ట్ కాదు, ముసుగులు కొనుక్కున్న చిన్నపిల్లలు. ఎవాన్స్ రింగ్‌లోకి వస్తూనే నవ్వుతూ గెంతులు వేస్తుంటే పిల్లలు అతనితో పాటు గెంతుతారు. పిల్లలు ఎవరిని పట్టుకుంటే కంపెనీ వారిని వదలదు.

వేళచ్చేరి_ప్రేక్షకుడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. వడపళని అన్న రాసిన, కింద పట్టుకునేవాడి సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నిన్న రాత్రి స్టాండ్ అండ్ డెలివర్ మ్యాచ్‌ను మళ్లీ పెట్టుకుని, ఎగిరేవాడిని వదిలేసి, పట్టుకునేవారినే చూస్తూ కూర్చున్నాను.

అంబత్తూరు గారి మాట వల్ల ఇంకో ప్రశ్న వచ్చింది. ఒడ్డూపొడుగే అడ్డమైతే, ఎవాన్స్ ఒళ్లు పెంచుకుంటే సరిపోతుందా? బ్రిటన్ రెజ్లర్ విల్ ఆస్ప్రే అలాగే చేశాడని విన్నాను. అలా చేస్తే ఇప్పుడున్న వేగం పోదా? ఇంకా, డబ్ల్యూడబ్ల్యూఈలో దారి మూసుకుపోతే బయట ఇతనికి ఎలాంటి అవకాశాలు ఉంటాయి?

అడయారు_పాతకాపు:

అంబత్తూరు గారు, బుకింగ్ గురించి మీరన్నదాన్ని కాదనలేను, 2006 వేసవిలో మిస్టీరియోను ఓడించిన తీరు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయినా ఆ ఉదాహరణ నాకు వేరేలా కనిపిస్తుంది. అన్నిసార్లు ఓడించినా జనం అతన్ని వదలలేదు. ఎందుకు వదలలేదన్నదే ఎవాన్స్ నేర్చుకోవలసిన విషయం.

ఆస్ప్రే గురించి అడిగారు కాబట్టి అది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవాన్స్‌కు నిజమైన పోలిక మిస్టీరియో కన్నా ఆస్ప్రేనే అని నా అభిప్రాయం. 2016 మేలో టోక్యోలోని కొరాకుయెన్ హాల్‌లో ఆస్ప్రే, రికొషేల మధ్య ఒక మ్యాచ్ జరిగింది. ఇద్దరూ ఒకేసారి పల్టీలు కొట్టి ఒకేసారి నేల మీద వాలిన దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. ఇది కుస్తీ కాదు, జిమ్నాస్టిక్స్ అని వేడర్ లాంటి పాతతరం రెజ్లర్లు బహిరంగంగానే విమర్శించారు. ఆ విమర్శ పూర్తిగా న్యాయమైనది కాకపోవచ్చు, కానీ ఆస్ప్రే దాని నుంచి నేర్చుకోవలసింది నేర్చుకున్నాడు. ఏళ్ల మీద ఒళ్లు పెంచుకుని, తక్కువ బరువువారి జూనియర్ విభాగం నుంచి హెవీవెయిట్‌కు మారి, 2021 ఏప్రిల్‌లో కోట ఇబుషిని ఓడించి జపాన్‌లోని ఐడబ్ల్యూజీపీ వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. అతని చివరి దెబ్బలు ఇప్పుడు మోచేతి మీద, పట్టుల మీద ఆధారపడినవి. ఎగరడం పూర్తిగా మానలేదు, ఎక్కడ వాడాలో తెలుసుకున్నాడు. అయితే ఆ దారికి మూల్యం లేకపోలేదు. మెడ గాయం వల్ల ఆ బెల్ట్‌ను నెల దాటగానే వదులుకోవలసి వచ్చింది, ఏఈడబ్ల్యూలో చేరాక 2025లో మెడకు శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది.

సెత్ రాలిన్స్‌ను కూడా ఇదే వరసలో చూడవచ్చు. చిన్న కంపెనీల్లో టైలర్ బ్లాక్ అనే పేరుతో ఆడిన రోజుల్లో ఫీనిక్స్ స్ప్లాష్ చేసేవాడు. పెద్ద బెల్ట్ గెలిచింది మాత్రం ప్రతినాయకుడిగా, మిత్రులకు ద్రోహం చేసినవాడిగా, కాలితో తొక్కే ఒక సాదా ఫినిషర్‌తో. ఎవాన్స్ ఎప్పుడూ నవ్వుతూ ఉండే మంచి కుర్రాడి పాత్రలోనే ఉన్నాడు. ఏదో ఒకరోజు అతను మోసం చేయడం, మాటతో ఎదుటివాడిని గాయపరచడం, ఎగరగలిగి కూడా జనాన్ని ఏడిపించడానికి ఎగరకపోవడం చూడాలని నాకు చాలా ఆశగా ఉంది. అలా ఆరు నెలలు చేసి మళ్లీ మంచివాడిగా తిరిగి వస్తే, అప్పటి ఓజీ కట్టర్‌కు ఇప్పటి ఓజీ కట్టర్‌కు పోలికే ఉండదు.

బయటి అవకాశాల విషయానికి వస్తే, ఈ తరం కుర్రాళ్లకు ఉన్నన్ని తలుపులు మునుపటి తరానికి లేవు. ఏఈడబ్ల్యూ ఉంది, జపాన్ ఉంది. టీఎన్‌ఏ అనే ఇంకో అమెరికన్ కంపెనీ నడిపే ఎక్స్ డివిజన్‌లో బరువుకు పరిమితి లేదు. ఏజే స్టైల్స్ పేరు తెచ్చుకున్నది అక్కడే. ఇతని వయసువాడే అయిన లియోన్ స్లేటర్ 2025 జులైలో ఆ డివిజన్ చరిత్రలో అతి చిన్న వయసు చాంపియన్ అయ్యాడు. మెక్సికోలోని రెజ్లింగ్ కంపెనీ ఏఏఏను 2025లో డబ్ల్యూడబ్ల్యూఈ తన చేతుల్లోకి తీసుకున్నట్టు ప్రకటించింది కాబట్టి, కంపెనీ వదలకుండానే కొన్నాళ్లు లుచా అనే మెక్సికో కుస్తీ పద్ధతిని అక్కడివారితో ఆడి నేర్చుకునే వీలు కూడా ఉంది. నన్నడిగితే బెల్ట్ కన్నా ముందు ఎవాన్స్‌కు ఆ అవకాశం ఇవ్వాలంటాను. మిస్టీరియోకు పునాది పడింది మెక్సికోలోనే.

పోరూరు_ఫిజియో:

నేను పోరూరులో ఫిజియోథెరపిస్టును. క్రీడాకారులకు చికిత్స చేస్తుంటాను. ఒళ్లు పెంచుకోవడం గురించి అడిగారు కాబట్టి ఒక్క విషయం చెప్పాలనిపించింది.

పై నుంచి దూకి దిగినప్పుడు మోకాలి మీద పడే భారం మనిషి బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. అందుకని నాలుగైదు కిలోలు పెరగడం అద్దంలో చిన్న విషయంగా కనిపించినా, మోకాలికి చిన్న విషయం కాదు. పైగా కండ పెరిగే వేగంతో స్నాయుబంధాలు (టెండన్లు) గట్టిపడవు, వాటికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. కండ వచ్చేసింది కదా అని ముందున్నట్టే దూకితే మోకాలి చిప్ప కింది టెండన్ ముందు దెబ్బతింటుంది. నా దగ్గరికి వచ్చే వాలీబాల్, బాస్కెట్‌బాల్ కుర్రాళ్లలో నేను తరచూ చూసేది ఇదే. సెలవుల్లో జిమ్‌లో బరువు పెంచుకుని వచ్చి, మొదటి టోర్నమెంటులోనే నొప్పితో కూర్చుంటారు.

ఎవాన్స్‌కు కలిసివచ్చేది వయసే. ఇరవైల మొదట్లో ఉన్నాడు కాబట్టి మూడు నాలుగేళ్లలో, సంవత్సరానికి కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటే శరీరం దానికి అలవాటు పడుతుంది. ఆస్ప్రే కూడా ఒక్క సంవత్సరంలో మారలేదని అడయారు గారు రాసినదాన్నిబట్టే తెలుస్తోంది. ఆ మధ్యకాలంలో టీవీ మ్యాచ్‌ల్లో పై తాడు మీది నుంచి చేసే విన్యాసాలు తగ్గించి, పెద్ద షోలకే వాటిని దాచుకుంటే మోకాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, ప్రేక్షకుల్లో ఎదురుచూపు కూడా పెరుగుతుంది.

అతన్ని కొంతకాలం ఇద్దరు జట్టుగా ఆడే ట్యాగ్ టీమ్‌లో ఆడించడం మంచిదని కూడా నాకు అనిపిస్తోంది. భాగస్వామి రింగ్‌లో ఉన్నంతసేపు ఇతను తాళ్ల బయట నిలబడతాడు, పడే దెబ్బలు సగానికి తగ్గుతాయి, అలసట తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే ఎగురుతాడు. పట్టుకోవడంలో అనుభవం ఉన్న పెద్దవాడిని జతగా పెడితే వడపళని గారి భయానికి కూడా సమాధానం దొరుకుతుంది.

వడపళని_ఫైటర్:

ఫిజియో మేడమ్ చెప్పిన ట్యాగ్ టీమ్ ఆలోచన చాలా బాగుంది. మా యూనిట్‌లో కూడా కొత్తగా వచ్చిన కుర్రాడిని మొదట అనుభవం ఉన్న ఫైటర్‌తో జతగానే షాట్‌కు పంపుతారు. ఎవాన్స్‌కు జతగా ఎవరిని పెడితే బాగుంటుందో ఇక్కడ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. నా ఓటు మాత్రం ఎత్తుగా, బలంగా ఉండి, ఇతన్ని భుజాల మీద నుంచి పైకి విసరగలిగే మనిషికే.